ముద్ర లేని కొన

ఒక ఇనుప కడ్డీ. బట్టల దుకాణాల్లో గుడ్డ కొలిచే మీటరు కడ్డీ. తూకం వేస్తే కిలో కూడా తూగదు. దాన్ని నేను పదహారేళ్లుగా మోస్తున్నాను. చేతుల్లో మోసే బరువైతే కూలీని పిలిచి, బేరమాడి, తక్కువకే కుదుర్చుకునేవాణ్ణి. దీన్ని మోయడానికి మాత్రం ఇంకెవరూ దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిస్తే నా నోట్లోంచి బేరం వస్తుంది. ఉన్న తప్పును సగం తగ్గించి చెబుతాను, వినేవాళ్లు ఇంకాస్త తగ్గిస్తారు, చివరికి ఇద్దరం నవ్వుకుని చాయ్ తాగి లేచిపోతాం. అలా ఒకటి రెండు సార్లు జరిగింది కూడా. మీతో ఆ ఆట ఆడను. ఇది ఒకటే ధర.

మాది కరీంనగర్‌లో బట్టల దుకాణం. ఏ గల్లీలో ఉందో అడగకండి. కడ్డీ చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. గుడ్డ పరచడం, కడ్డీ ఆనించడం, తిప్పడం, మళ్లీ ఆనించడం. మా దుకాణంలో కడ్డీలు రెండు ఉండేవి. ఒకటి గోడకు వేలాడేది, తనిఖీకి వచ్చేవాళ్ల కోసం. రెండోది బల్ల మీద ఉండేది, కొనడానికి వచ్చేవాళ్ల కోసం. రెండింటి మీదా సర్కారు ముద్ర ఉంది, ఒక కొన దగ్గర, గోరంత. బల్ల మీది కడ్డీకి ముద్ర పడ్డాక మా బాపు దాన్ని ఒక కమ్మరి దగ్గరికి తీసుకుపోయాడు. ముద్ర ఉన్న కొనను అలాగే ఉంచి, రెండో కొనను కోయించి, ఇత్తడి తొడుగు మళ్లీ బిగించుకుని వచ్చాడు. కోయించింది చిటికెన వేలి మందం.

ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. అన్నంలో రాయి వస్తే చప్పుడు చేయకుండా తీసి కంచం అంచున పెడతామే, అలా. బాపు మాత్రం ఒక్కసారి, నేను మొదటిసారి బల్ల దగ్గర కూర్చున్న రోజు, చెప్పాడు: "జనం రేటు కాడ మస్తు కొట్లాడుతరు బిడ్డా. కొట్లాడనియ్యి, గెలువనియ్యి. గెలిచినోడు కొలత దిక్కు సూడడు."

నేను గెలవనివ్వడంలో ఆరితేరాను.

ఆమె మా దుకాణం మెట్లెక్కింది తన అన్న పెళ్లి బట్టల కోసం. వాళ్లది జన్నారం అవతల, అడవి అంచు ఊరు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా. ధర్మపురిలో మొక్కు తీర్చుకుని, అమ్మనూ అన్ననూ వెంటబెట్టుకుని వచ్చింది. బేరం మొత్తం ఆమెదే. నేను ధర చెప్పాను. ఆమె గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, "ఓ సేటూ, మేం అడివిల నుంచి వచ్చినం గని అడివి జంతువులం గాదు. ఇగ అసలు రేటు చెప్పు" అంది. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను తగ్గించాను. ఆమె లేచింది. మెట్టు దాకా పోయింది. పిలిచాను. ఇంకా తగ్గించాను. అంత తగ్గించడం నా జీవితంలో అదే మొదటిసారి. ఎందుకు తగ్గించానో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

కానీ గుడ్డ కొలిచింది బల్ల మీది కడ్డీతోనే. చేయి దానంతటదే పోయింది.

మాటల్లో మా మేనత్త వైపు చుట్టాలని తేలింది. ఏడాది తిరిగేలోగా మా పెళ్లయింది. మా ఇంటికి ఎవరొచ్చినా ఆమె ఆ కథ చెప్పేది. కరీంనగర్ సేటును మెట్టు మీద నిలబెట్టి ఓడించిన కథ. నేను పక్కనే తల వంచుకుని ఓడిపోయినవాడి మొహం పెట్టేవాణ్ణి. ఆ కథలో చివర ఇంకొక ముక్క ఉండేది. ఆ గుడ్డతో కుట్టించిన జాకెట్ వాళ్లమ్మకు పొట్టి అయిందట. "మా ఊరి దర్జీ దొంగ ముండాకొడుకు, గుడ్డ తిన్నడు" అని ముగించేది. అందరూ దర్జీని తిట్టేవాళ్లు. నేనూ తిట్టాను. ఒకసారి కాదు.

ఇది చిన్న తప్పే. దీన్ని మీకు చెప్పింది పెద్దదాన్ని చెప్పడానికి.

పెళ్లైన రెండో ఏడు ఆమెకు చెక్క పిచ్చి పట్టింది. చీరల మడతల్లో పెట్టడానికి మేం పాత పుస్తకాలు కిలోల లెక్కన కొంటాం. అలా వచ్చిన కట్టలో ఏదో పరాయి దేశపు పుస్తకం ఒకటి ఉంది. అట్ట లేదు. లోపలంతా పీటలు, అరలు, బీరువాలు ఇంట్లో ఎలా చేసుకోవాలో బొమ్మలు. ప్రతి చెక్క పక్కనా దాని కొలత. ఆమెకు ఆ భాష రాదు. "బొమ్మకు భాషెందుకు, అంకెకు భాషెందుకు" అంది. గోదావరిఖని రోడ్డులో పాత సామాన్ల కొట్టు ఒకటి ఉండేది. ఎక్కడినుంచో పెద్ద యంత్రాలు వచ్చిన పెట్టెలను విప్పి ఆ చెక్కలు అమ్మేవాడు. పైన్ చెక్క. తెల్లగా, తేలికగా, ముడులు ముడులుగా. మా వైపు దాన్ని పొయ్యిలోకి కూడా ఎవరూ గౌరవంగా కొనరు. టేకు నేల మాది.

అదే అన్నాను. టేకు అడవి పక్కన పుట్టి పెట్టె చెక్క ఏరుకోవడమేమిటని వెక్కిరించాను. వాళ్ల నాన్న కలప డిపోలో కాపలా ఉండేవాడు. ఆమె చెక్కను నునుపు చేసే రందా ఆపకుండానే చెప్పింది. "టేకు సర్కారుది. చిన్నప్పటిసంది సూసుడే గని ముట్టనియ్యలే. గిది ఎవలిది గాదు. గందుకే నాది." ఆ తర్వాత చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన సూడు సేటూ, లై మంచిగున్నది" అంది. లై అంటే చాలా అని. వాళ్ల వైపు మరాఠీ మాట కలుస్తుంది. పెళ్లైన కొత్తలో ఆమె నోట ఆ మాట రోజుకు పదిసార్లు వినపడేది. ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

మొదట ఒక చిన్న పీట చేసింది. కొలతలన్నీ బడిపిల్లల స్కేలుతో. కూర్చుంటే కదలలేదు. బాపు దాని మీద కూర్చుని చాయ్ తాగి, మర్నాడు కూడా దాని మీదే కూర్చున్నాడు. మా ఇంట్లో అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ దొరకలేదు.

ఇక రంగు. పైన్ చెక్క రంగును ఒక్క తీరుగా తాగదు. ఒకచోట గటగటా తాగుతుంది, ఒకచోట ఉమ్మేస్తుంది. పులి చర్మంలా మచ్చలు తేలతాయి. పుస్తకంలోని డబ్బా రంగులు మా ఊళ్లో దొరకలేదు. ఆమె తాంబూలంలో వేసే కాచు నానబెట్టింది. చాయ్ పొడి మరిగించింది. చెక్క ముక్కల మీద ఎన్నిసార్లు పూసినా మచ్చలే. ఒక రోజు నూలు చీరకు గంజి పెడుతూ ఆగిపోయింది. గంజి పెట్టిన గుడ్డ నీళ్లను మెల్లగా తాగుతుంది కదా. చెక్కకు పల్చగా సగ్గుబియ్యం గంజి పట్టించి, ఆరనిచ్చి, ఆ మీద కాచు రంగు రుద్దింది. మచ్చలు పోయాయి. ముడులు మాత్రం చీకటి కళ్లలా మిగిలాయి. వాటిని పోగొట్టాలని ఆమె చూడలేదు.

ఆదివారాలు డాబా మీద ఆమె గంజి పూసేది, నేను దుకాణంలోని గుడ్డ ముక్కలతో తుడిచేవాణ్ణి. చెక్క నిలువుకు తుడవాలి, అడ్డంగా కాదు. నేను అడ్డంగా తుడిస్తే మోచేత్తో పొడిచేది. ఆమె జుట్టులో తెల్లటి పొట్టు, గోళ్ల కింద కాచు ఎరుపు. అన్నం కలుపుతుంటే ఆ గోళ్లు చూసేవాణ్ణి. మా పెళ్లిలో పెట్టిన గోరింటాకు కూడా అంత నచ్చలేదు నాకు. ఇవన్నీ మీకెందుకు చెబుతున్నాను? తప్పు చెప్పేవాడు తప్పు చెప్పి ఊరుకోవాలి. కానీ ఏం పోగొట్టానో చెప్పకపోతే ఎంత పోగొట్టానో మీకెలా తెలుస్తుంది?

వెనక వీధి టీచరమ్మ ఆ పీటను చూసింది. తన కొత్తింటికి తలుపున్న పుస్తకాల బీరువా ఒకటి చేసి పెట్టమంది. బయటి మనిషి అడిగిన మొదటి వస్తువు. ఆమె ఆ రోజు ఇంట్లో నడవలేదు, ఎగిరింది. ఇది బాగా కుదిరితే ఇంకొకరు అడుగుతారని, కింద గది ఖాళీ చేసి అక్కడే పని పెట్టుకుంటానని అంది. పెద్ద చెక్కలకు చిన్న స్కేలు చాలదు, టేపు కొనమంది.

నేను టేపు కొంటానా? కొలిచే ఇంట్లో పుట్టి కొలతబద్ద కొంటానా? అటకెక్కి మీటరు కడ్డీ దించి ఇచ్చాను. ఆ ఏడాది తనిఖీలు ఎక్కువై బాపు బల్ల మీది కడ్డీని గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు. అదే ఇచ్చాను. తెలిసి ఇచ్చానా? లేదని ఒట్టు పెట్టగలను. కానీ నా ఒట్ల విలువ నాకు తెలుసు. దుకాణంలోది దించాలంటే బాపును అడగాలి. అటక మీదది ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో నేను ఆలోచించలేదు. ఆలోచించకపోవడం కూడా మా ఇంట్లో ఒక పనితనమే.

ఏ కడ్డీ ఇచ్చానో నాకు తెలిసింది దసరా రోజున. ఆయుధ పూజకు ఆమె రంపం, ఉలి, రందా వరుసగా పేర్చి, వాటి పక్కన కడ్డీని పెట్టింది. ముద్ర దగ్గర పసుపు, కుంకుమ. రెండు చేతులతో తీసి కళ్లకు అద్దుకుంది. "మామ చెయ్యి పట్టిన కడ్డీ" అంది. బాపు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన కాళ్లకు మొక్కి జమ్మి ఆకు చేతిలో పెట్టింది. బాపు నా వైపు చూశాడు. నేను ఆకు వైపు చూశాను.

రేపు మార్చేద్దాం అనుకున్నాను. రేపు దుకాణం. దీపావళి సరుకు. ఎల్లుండి కూడా దుకాణమే.

వారం తర్వాత మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఆమె డాబా మీద చెక్కల మధ్య కూర్చుని ఉంది. బీరువా పక్క చెక్కలు రెండు, ఒక్కొక్కటి తొంభై సెంటీమీటర్లు. ఒకదాన్ని కడ్డీకి ముద్ర ఉన్న కొన నుంచి కొలిచింది, సరిగ్గా వచ్చింది. కడ్డీ మీద అంకెలు లేవు, గీతలే; ఎటు తిప్పి పెడితే ఏముందనుకుని రెండోదాన్ని రెండో కొన నుంచి కొలిచింది, చిటికెన వేలంత తగ్గింది. రంపం జారిందనుకుని పొడుగుదాన్ని పొట్టిదానికి సరిచేసింది. అప్పుడు తలుపు పెద్దదైంది. తలుపు కోసింది. అరలు వంగాయి. అరలు కోసింది. ఒక తప్పును దిద్దితే ఇంకొకటి. మొత్తం విప్పి, కొత్త చెక్కలు తెచ్చి, మళ్లీ రెండు పక్కలు కోసింది. మళ్లీ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆ రెండింటినీ పక్కపక్కన పరిచి వాటి మధ్యలో కూర్చుంది. కడ్డీ ఒళ్లో ఉంది. ముద్ర లేని కొన ఆమె అరచేతిలో ఉంది.

చూడగానే నాకు మొత్తం తెలిసిపోయింది.

"సేటూ, రెండు సార్లు కొలిచిన. మూడు సార్లు కొలిచిన. కడ్డీ మీద ముద్రున్నది. ఇగ నా చేతిలనే ఏదో ఉన్నది గద?" అంది. ఏడవలేదు. నిజంగానే అడిగింది. జవాబు నా దగ్గర ఉంటుందని అడిగింది.

ఉంది. నా దగ్గర జవాబు ఉంది. ఒక్క మాట. కడ్డీది తప్పు. కానీ ఆ మాట చెబితే దాని వెనక అన్నీ వస్తాయి. కడ్డీ ఎవరు కోయించారు? ఎందుకు? దేనితో కొలిచారు? వాళ్లమ్మ జాకెట్. ఆ దర్జీ. ఆ మెట్టు. నన్ను ఓడించానని ఆమె అంత ముచ్చటగా చెప్పుకునే ఆ ఒక్క గెలుపు. అది కూడా పోతుంది. ఆమె గెలుపును కాపాడడానికే ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మంచి సరుకు ఆ మాట. బాగా అమ్ముడుపోయింది, ఒక్కడే కొనేవాడు, వాడు నేనే.

నిజం అంతకంటే చిన్నది. నాకు సిగ్గేసింది. సిగ్గుపడేవాడు నవ్వుతాడు. నేను నవ్వి, ఆమె పక్కన కూర్చుని, చాలా ప్రేమగా అన్నాను:

"అందరి చేతిల అన్ని ఉండయి. నీ చేతిల రంగున్నది. కొలత లేదు."

"రంగున్నదా?"

"మస్తున్నది. కొలతే లేదు."

ఆమె తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. ముందు, వెనక. అప్పుడే కొన్న వస్తువును చూసినట్టు. "అయితె అదే గావచ్చు" అంది.

అప్పుడు కూడా నేను నా వ్యాపారమే చేశాను. రేటులో ఇచ్చి కొలతలో తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బాపును అడక్కుండానే గోడ మీది కడ్డీని ఇంటికి తెచ్చాను. కోసిన కడ్డీని మళ్లీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, దాని స్థానంలో నిజం కడ్డీ పెట్టాను. ఆమె ఇంకొక్కసారి కొలిస్తే చాలు. అన్నీ కుదురుతాయి, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఎంత తెలివి! ఆమె మళ్లీ కడ్డీ ముట్టుకోలేదు. టీచరమ్మ దగ్గరికి తనే పోయి, నాతో కాదని చెప్పి వచ్చింది. రంపం, ఉలి, రందా పాత చీరలో చుట్టింది. కొద్ది రోజులు పోయాక ఆ నిజం కడ్డీతో దండెం మీది బట్టలు దించుకోవడం చూశాను.

ఆ తర్వాత ఆమె దుకాణానికి వచ్చింది. మా దుకాణం ఇవాళ నడుస్తోందంటే ఆమె వల్లే. ఏ చీరకు ఏ జాకెట్ రంగో ఆమె చెబితే జమ్మికుంట నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. గుడ్డ మాత్రం కొలవదు. పనివాళ్లను పిలుస్తుంది. "నా చేతిల కొలత లేదమ్మా" అని నవ్వుతుంది. పప్పులో ఉప్పెక్కువైతే అదే మాట. ముగ్గు వంకర పోతే అదే మాట. నేను సరదాగా అన్న ఆ ఒక్క మాటను ఆమె పదహారేళ్లుగా తన పేరులా మోస్తోంది. ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఇంకేదో మాట్లాడాను.

బాపు పోయాడు. ఆ పీట ఇప్పటికీ కదలదు. దుకాణంలో కోసిన కడ్డీ లేదు, బల్ల అంచుకే స్టీలు కొలత బిగించి ఉంది. ఇంకెవరినీ మోసం చేయడం లేదని నాకు నేను చెప్పుకుంటాను. ఆ కోత ఆమెకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలిసిన రహస్యం. ఆమెకు ఆ రోజు చెప్పి ఉంటే ఏమయ్యేది? తిట్టేది. వారం మాట్లాడేది కాదు. పుట్టింటికి పోయేదేమో. కానీ ఆ చెక్కను మళ్లీ కొలిచేది. మోసగాడి పెళ్లాం అయ్యేది, వడ్రంగి కూడా అయ్యేది. నేను మొదటిదాన్ని దాచడానికి రెండోదాన్ని కోసేశాను.

మొన్న ఇంటికి ఒక పుస్తకాల అర వచ్చింది. ఫోన్లో చూసి తెప్పించినది. అట్టపెట్టెలో ముక్కలు ముక్కలుగా, మరలు సంచిలో, ఎలా బిగించాలో బొమ్మల కాగితం. ఆమె కాగితం విప్పి చాలాసేపు చూసింది. వేలితో గీతల వెంట పోయింది. చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది. పొట్టును నొక్కి చేసిన చెక్క, దానికి వాసన ఉండదు. పక్కన పెట్టేసింది. "నువ్వే బిగియ్యి సేటూ. నా చేతిల కొలత లేదు గద" అంది. అదే నవ్వు.

ఇవాళ ఆమె వంటింట్లో ఉండగా టేపు పట్టుకుని అటకెక్కాను. ఇంట్లోకి టేపు రావడానికి ఇన్నేళ్లు పట్టింది. పాత చీర మూట ఉంది. దాని వెనక ఆ రెండు చెక్కలు, రెండోసారి కోసినవి, ఆమె దిద్దకుండా వదిలేసినవి. దుమ్ము తుడిచాను, నిలువుకే తుడిచాను. ఒక మూల రంగు పరీక్షించి చూసిన చోట కాచు ఎరుపు అలాగే ఉంది, మచ్చ లేకుండా. రంపం పోయిన అంచును వేలితో తడిమాను. పెన్సిల్ గీత మీద వెంట్రుకవాసి కూడా తప్పలేదు. వాసన చూశాను. ఉంది ఇంకా, కొద్దిగా.

గుడ్డ విప్పి కోసిన కడ్డీని కూడా తీశాను. ముద్ర దగ్గర కుంకుమ మరక నల్లబడి ఉంది.

కింది నుంచి ఆమె గొంతు. "ఏం చేస్తున్నవ్ అటక మీద గంటసేపటిసంది?"

"కొలుస్తున్న."

"నీకు గిప్పుడు కొలుచుడు పనేంది? ఎంతొచ్చింది?"

వస్తున్నా అన్నాను. ఇంకా దిగలేదు. ఆ చెక్కల మీదే కాగితం పెట్టి మీకు రాస్తున్నాను. దిగాక చెబుతానో లేదో నాకు తెలియదు. నన్ను నేను ఎరుగుదును, మాట ఇవ్వను. కానీ ఆమె అడిగిన దానికి జవాబు ఒక్కచోటైనా ఉండాలి.

చిటికెన వేలంత తక్కువ. ఆమెది కాదు. మాది.